ఓరుగల్లు నుంచి చూసిన తుగ్లక్

జీవితమంతా చరిత్ర పాఠం చెప్పిన ఉపాధ్యాయుని పేరిట జరుగుతున్న సభ ఇది. అందుకే బడి పుస్తకాల్లో అందరం చదివి, మనకు తెలుసులే అనుకునే మహమ్మద్ బిన్ తుగ్లక్‌ను ఎంచుకున్నాను. ఆయనను ఢిల్లీలో నిలబడి చూసినవాళ్లు చాలామంది. మనం ఓరుగల్లులో నిలబడి చూద్దాం.

1320లో తండ్రి ఘియాసుద్దీన్ ఢిల్లీ గద్దె ఎక్కాడు. కొడుకుకు ఉలుగ్ ఖాన్ అని బిరుదు ఇచ్చి, మరుసటి ఏడు మన మీదికి పంపాడు. కాకతీయ ప్రతాపరుద్రుడు కప్పం ఆపేయడం అందుకు కారణం. 1310లో ఖల్జీ సేనాని మాలిక్ కాఫర్‌కు లొంగి ఒప్పుకున్న కప్పం అది.

ఆ ముట్టడి కథను ఢిల్లీ చరిత్రకారుడు బరనీ రాశాడు. కోటలో ఉన్నవాళ్లు సంధికి సిద్ధపడ్డారు, ధనం ఇస్తామన్నారు. యువరాజు ఒప్పుకోలేదు. అంతలో ఢిల్లీ నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. వారానికి రెండు మూడు వచ్చేవి నెల దాటినా ఒక్కటీ రాలేదు. దారిలో టపా ఠాణాలు తెగిపోయాయి. సుల్తాను చనిపోయాడని ఉబైద్ అనే కవి, అతని జతగాడు పుకారు పుట్టించారు. సేనానులు ఎవరి దారి వారు చూసుకున్నారు. ఉలుగ్ ఖాన్ దేవగిరికి పరుగు తీయాల్సి వచ్చింది. అంత పెద్ద సైన్యాన్ని ఓడించడానికి ఒక అబద్ధపు కబురు చాలింది. ఆయన పాలన మొత్తం అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలని నా మనవి.

1323లో ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి దారిలోని బీదర్, బోధన్ కోటలను ముందే పట్టుకున్నాడు, వెనుక దారిని కట్టుదిట్టం చేసుకున్నాడు. ఓరుగల్లు పడిపోయింది. బందీగా ఢిల్లీకి తీసుకుపోతున్న ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన కన్నుమూశాడని ముసునూరి ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం చెబుతుంది. స్వయంభూ దేవాలయం కూలింది, ఓరుగల్లు సుల్తాన్‌పూర్ అయింది. కోటలో నాలుగు కీర్తితోరణాల నడుమ విరిగిన రాతిచెక్కడాలు ఈనాటికీ పరచుకుని ఉన్నాయి. అక్కడికి పడమరగా ఖుష్ మహల్ ఉంది. దాని గోడలు కింద లావుగా మొదలై పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతాయి. ఢిల్లీలో తుగ్లకాబాద్ చూసినవాళ్లు ఆ వాలును ఇట్టే గుర్తుపడతారు.

1325లో తండ్రి చనిపోయాడు. విడిది కోసం కట్టిన మండపం కూలి మీద పడింది. కొడుకు సుల్తాను అయ్యాడు. తర్కం, వైద్యం చదివినవాడు, చేతిరాత అందమైనవాడు. గుడులు కూల్చిన సైన్యాన్ని నడిపింది ఆయనే. 1326లో కల్యాణిలో, అంటే నేటి బసవకల్యాణ్‌లో, శివాలయం బాగుచేయించి పూజలు సాగనిచ్చిందీ ఆయన పాలనలోని అధికారులే. అక్కడి శాసనం సాక్ష్యం. ఈ రెండింటిలో ఒకదాన్ని దాచి రెండోదాన్ని చూపేవాళ్లను నమ్మకండి.

1327 ప్రాంతంలో దేవగిరిని దౌలతాబాద్‌గా మార్చి రెండో రాజధాని చేశాడు. దక్కన్‌ను ఢిల్లీ నుంచి ఏలలేమని ఆయనకు తెలుసు. ఓరుగల్లు ముట్టడిలో ఉత్తరాల కోసం ఎదురుచూసినవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆలోచన సరైనదే. ఢిల్లీ పెద్ద కుటుంబాలను బలవంతంగా కదిలించడం క్రూరం. ఆ తర్వాత వెండికి బదులు కంచు, రాగి నాణేలు చెల్లుతాయన్నాడు. ఇంటింటా దొంగ నాణేలు పుట్టాయి. వాటిని వెనక్కి తీసుకుని ఖజానా నుంచి వెండి ఇచ్చాడు.

ఆయన టపా ఏర్పాటు గురించి మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా చక్కగా వర్ణించాడు. ప్రతి మైలులో మూడో వంతు దూరానికి ఒక మజిలీ. అక్కడ నడుం బిగించి సిద్ధంగా ఉండే పరుగుమనిషి. అతని చేతిలో రెండు మూరల కర్ర, దాని కొసన రాగి గజ్జెలు. ఒక చేత ఉత్తరం, ఒక చేత కర్ర పట్టి పరుగెడితే, ఆ చప్పుడు విని ముందు మజిలీవాడు లేచి నిలబడేవాడు. సింధు నుంచి ఢిల్లీకి యాభై రోజుల ప్రయాణం. ఉత్తరం అయిదు రోజుల్లో చేరేదట. సుల్తానుకు కబుర్లు అందక చెడిపోయాడని అనలేం. వచ్చిన కబురు తన మనసుకు నచ్చకపోతే శిక్షించడం ఆయన పద్ధతి. అలాంటి చోట నిజం చెప్పేవాడు కరువవుతాడు. గంగా యమునల నడుమ దోఆబ్‌లో పన్ను పెరిగి రైతులు పొలాలు వదిలి అడవి పట్టింది ఆ పాలనలోనే.

1335 ప్రాంతంలో మదురై పాలకుడు తిరగబడితే సుల్తాను స్వయంగా దక్షిణానికి కదిలాడు. ఓరుగల్లు చేరేసరికి సైన్యంలో అంటురోగం పుట్టింది. ఆయనకూ సోకింది. వెనుదిరిగాడు. ఈసారి ఆయనే చనిపోయాడని పుకారు లేచింది, దౌలతాబాద్ వైపు తిరుగుబాటు రేగింది. పద్నాలుగేళ్ల కింద తండ్రి గురించి పుట్టిన అబద్ధమే ఇప్పుడు తన గురించి పుట్టింది. మరో ఏడాదికల్లా ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును విడిపించాడు.

అప్పుడు ఓరుగల్లు విడిచి ఢిల్లీ పోయిన అధికారి మాలిక్ మక్బూల్ మన తెలుగువాడు. కాకతీయుల కొలువు నుంచి వచ్చి, ఇస్లాం తీసుకుని, తర్వాతి సుల్తాను ఫిరోజ్ షా కాలానికి ఢిల్లీ వజీరు అయ్యాడు. కవి మారన రాసిన మార్కండేయ పురాణాన్ని అంకితం పొందిన గన్నసేనాని ఇతడేనని చరిత్రకారులు పలువురి అభిప్రాయం. ఇతని గోరీ ఢిల్లీ నిజాముద్దీన్‌లో ఉంది.

1347కల్లా దక్కన్‌లో బహమనీ రాజ్యం లేచింది. 1351లో సింధులోని థట్టా దగ్గర, మరో తిరుగుబాటుదారుని వెంట పడుతూ సుల్తాను చనిపోయాడు.

ఆయన పిచ్చివాడు కాడు. తెలివిగలవాడు, కఠినుడు, ఎదుటివాడి మాట వినలేనివాడు. అయితే ఆయన గురించి రాసిన బరనీ, మరో చరిత్రకారుడు ఇసామీ, ఇబ్న్ బతూతా ముగ్గురూ రాజకొలువుల వైపు మనుషులు. రైతుల నోటి దగ్గరి పంటను లాక్కున్నారని, ధనికులూ పేదలూ ఒకేలా చితికిపోయారని మన వైపు నుంచి చెప్పింది ప్రోలయ నాయకుని విలస శాసనం. ఆ రాగిరేకులు దొరక్కపోయి ఉంటే ఆ గొంతు మనకు వినపడేది కాదు. అందుకే మన ఘన్‌పూర్, పాలకుర్తి, జఫర్‌గఢ్ ఊళ్ల గుళ్ల దగ్గర, చెరువు కట్టల మీద అక్షరాలున్న రాయి ఎక్కడ కనపడినా దానికి సున్నం కొట్టనివ్వకండి, పునాదిలో వేయనివ్వకండి. ఫొటో తీసి పురావస్తు శాఖవారికి చూపించండి.