శాంతిసేనకు అప్పగించిన పని
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఐక్యరాజ్యసమితి అంటే మన బడి రోజుల్లో సాంఘికశాస్త్రంలో నాలుగు మార్కుల ప్రశ్న. కానీ మన అనంతగిరి, తాండూరు ప్రాంతాలున్న హైదరాబాద్ సంస్థానమూ ఒకసారి దాని గడప తొక్కింది. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబర్ 16న పారిస్‌లో మండలి దాన్ని చర్చకు తీసుకుంది. మరో రెండు రోజులకే నిజాం సేన లొంగిపోయింది. ఇక్కడికి శాంతిసేన రావలసిన అవసరం పడలేదు. వెళ్లిన చోట అది ఎలా పనిచేసింది? ఇదే ఈరోజు నా ప్రశ్న.

పని బాగుందో లేదో తేల్చడానికి మా ఇంజనీర్లు మూడు సంగతులు చూస్తారు. చెప్పిన పని ఏమిటి? ఇచ్చిన సామగ్రి ఎంత? చివరికి నిలిచింది ఏమిటి?

రువాండా చూడండి. 1994లో అక్కడ ఉన్నది సుమారు 2,500 మంది. ఊచకోత మొదలై, పదిమంది బెల్జియం సైనికులు చనిపోయాక, మండలి బలగాన్ని పెంచలేదు, 270కి తగ్గించమంది. వంద రోజుల్లో దాదాపు ఎనిమిది లక్షల మంది బలయ్యారు. బోస్నియాలో స్రెబ్రెనిత్సా వంటి పట్టణాలను కాపాడటానికి అదనంగా 34,000 మంది కావాలని అడిగితే, మంజూరైంది 7,600. 1995 జూలైలో ఆ ఒక్క పట్టణంలోనే సుమారు 8,000 మంది పురుషులను, పిల్లలను చంపేశారు. సిమెంటు బస్తాలు తగ్గించి, స్లాబు కూలితే మేస్త్రీనే తిట్టినట్టు ఉంది ఈ కథ. మేస్త్రీ తప్పు అసలే లేదని కాదు, కానీ బస్తాలు తగ్గించిన చేయి కూడా జవాబు చెప్పాలి కదా!

ఇప్పుడు సియెర్రా లియోన్. 2000లో తిరుగుబాటుదారులు 500 మంది శాంతి సైనికులను పట్టుకున్నారు. కైలాహున్‌లో రెండు వందల మందికి పైగా మన జవాన్లు రెండు నెలలకు పైగా చుట్టుముట్టబడి ఉన్నారు. జూలైలో ‘ఆపరేషన్ ఖుక్రీ’తో మనవాళ్లే వారిని విడిపించారు. ఆ తర్వాత బలగాన్ని 17,500 దాకా పెంచారు. 2002 నాటికి 70,000 మందికి పైగా ఆయుధాలు వదిలారు, ఎన్నికలు జరిగాయి, 2005లో మిషన్ ముగిసింది. అదే సంస్థ, అదే నీలి టోపీ. మారింది సామగ్రి, సంకల్పం. లైబీరియాలో 2007 నుంచి 2016 వరకు మన సీఆర్‌పీఎఫ్ మహిళా దళాలు కాపలా కాశాయి.

ఇక సైప్రస్. అక్కడ 1964 నుంచి నేటికీ శాంతిసేన ఉంది. మన జనరల్ తిమ్మయ్య ఆ సేనకు నాయకత్వం వహిస్తూ 1965లో అక్కడే కన్నుమూశారు. 1974 తర్వాత పెద్ద యుద్ధం మళ్లీ రాలేదు, రాజీ కూడా కుదరలేదు. కోట్‌పల్లి కట్ట నీళ్లను ఆపుతుంది గాని, ఏ పొలానికి ఎంత నీరో రైతులే కూర్చొని తేల్చుకోవాలి. శాంతిసేన కట్ట వంటిది. పంపకం నాయకుల పని.

ఇప్పటిదాకా మన దేశం రెండున్నర లక్షల మందికి పైగా సైనికులను, పోలీసులను పంపింది. నూటయాభై మందికి పైగా తిరిగి రాలేదు. ఎవరో ఒక తల్లి కన్న బిడ్డలు వాళ్లు. అందుకని ‘శాంతిసేన విఫలం’ అని పేపర్లో చదివినప్పుడు, అప్పగించిన పనికి తగినంత బలం ఇచ్చారా అని ముందు అడగండి. మన పిల్లలను పంపే ముందే ఆ ప్రశ్న అడగగల పౌరులు కావాలి. అలాంటి వాళ్లను మన బడి ఇంకా తయారు చేయాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.