నీలిరంగు ఆలస్యమైనప్పుడు



యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పగానే మనకు మందుల జాబితా గుర్తొస్తుంది. భీమవరంలో పుట్టిన మనిషి ప్రపంచానికి ఇన్ని మందులు అందించాడంటే గర్వం కలగడం సహజమే. కానీ జాబితా చదివి చప్పట్లు కొట్టి ఊరుకుంటే అసలు సంగతి చేయి జారిపోతుంది. అనుకున్న ఫలితం రానిచోట ఆగి చూడటం ఆయన పనిలోని ప్రాణం. ఈ పూట దాని గురించే మాట్లాడతాను.

1923లో ఆయన బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రకటించారు. నమూనాకు ఆమ్లం, మాలిబ్డేట్, మరో రసాయనం కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఇదే పరీక్షను కండరాల నుంచి తీసిన ద్రవంతో చేస్తే మాత్రం రంగు నెమ్మదిగా వచ్చింది, వచ్చాక ఇంకా ముదురుతూ పోయింది. రసాయనం పాతబడిందనుకుని పారబోసి ఉంటే కథ అక్కడితో సరి. వాళ్లు పారబోయలేదు. కండరంలోని ఏదో పదార్థం ఆ ఆమ్లంలో విరిగిపోతూ కొద్దికొద్దిగా ఫాస్ఫేట్‌ను వదులుతోందని పట్టుకున్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. అది 1927 నాటి మాట. రెండేళ్లకు కణాలకు శక్తినిచ్చే ఏటీపీ కూడా వాళ్ల చేతికి దొరికింది. అదే సమయంలో జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా దాన్ని విడిగా కనుగొన్నారు. ఇంత చేసినా హార్వర్డ్ సుబ్బారావుగారికి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లిపోయారు.

అక్కడ ఆయన బృందం పట్టుదలగా చేసిన పని ఫోలిక్ యాసిడ్. దాని మూలం మన దేశంలోనే ఉంది. బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్, ఈస్ట్ సారంతో అది తగ్గుతోందని 1931లో రాశారు. ఆ సారంలోని ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేయగలిగామని 1945లో లెడర్లీ బృందం లోకానికి చాటింది.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ యాసిడ్ కుటుంబానికే చెందిన పదార్థాలను లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. ఎంత బాధాకరమైన ఫలితం! దాన్ని దాచలేదు, మరచిపోలేదు. ఫోలిక్ యాసిడ్ రోగానికి ఊతమిస్తే, దాన్ని అడ్డుకునే పదార్థం రోగాన్ని ఆపాలి కదా? ఫోలిక్ యాసిడ్ అణువులో ఒక్కచోట హైడ్రాక్సిల్ తీసి అమైనో పెడితే అమైనోప్టెరిన్ అవుతుంది; సుబ్బారావుగారి బృందం దాన్ని తయారుచేసింది. చూడటానికి దాదాపు అదే అణువు. కణంలోని ఎంజైమ్ దాన్ని పట్టుకుంటుంది, ఇక పని జరగదు, డీఎన్‌ఏ తయారీ ఆగిపోతుంది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన వ్యాసంలో ఆ మందు తీసుకున్న పిల్లలు పదహారు మంది, మెరుగుపడినవాళ్లు పది మంది. ఆ మెరుగుదల కొద్దికాలమే నిలిచింది. ఆ మాట కూడా ఆయన దాపరికం లేకుండా రాశారు. ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53.

అమైనోప్టెరిన్‌కు ఒక మిథైల్ చేరిస్తే వచ్చిన మెథోట్రెక్సేట్‌ను ఇవాళ కీళ్లవాతానికి వారానికి ఒకసారి ఇస్తున్నాం. దాని దుష్ప్రభావాలు తగ్గడానికి వేరే రోజున ఫోలిక్ యాసిడ్ రాస్తున్నాం. సుబ్బారావుగారి బృందం పని ఒకే చీటీ మీద రెండు వరుసల్లో ఉంటుందన్నమాట. అయితే వారానికి ఒకసారి వేసుకోవాల్సిన ఆ మాత్రను పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే సభలో ఉన్న యువ డాక్టర్లను అడుగుతున్నాను: చీటీ మీద వారం పేరు తెలుగులో రాయండి, రోగి చేత తిరిగి చెప్పించండి. నోట్లో పుళ్లు వచ్చాయని ఆ రోగి మళ్లీ వస్తే, వేడి చేసిందని సరిపెట్టి పంపకండి. మాత్ర ఏ రోజు వేసుకుంటున్నారో అడగండి, వెంటనే రక్తపరీక్ష చేయించండి.