కుక్కపిల్లను కొనబోవువారికి



పిల్లల ముచ్చట తీర్చుటకై కుక్కపిల్లను కొనబోవు మిత్రులకు నా మనవి యొక్కటే: తల్లికుక్కను చూడనిదే బయానా ఇయ్యకుడు. "తల్లి ఊరిలో నున్నది, పిల్లను రైల్వేస్టేషనుకే తెచ్చి యిచ్చెదను" అను వర్తకుడు ఎడతెగని ఈతలచే డొక్కలెండిన ఆ తల్లినే దాచుచుండవచ్చును. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారము తల్లికి ఏడాదికొక్క ఈతకు మించరాదు. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావలెను. ఆ నమోదు పత్రమడుగుటకు మొగమాటమేల? దస్త్రములు తిరుగవేయుట మన నిత్యకృత్యమే గదా!

వంశపత్రము వంశమునే తెలుపును, ఆరోగ్యమును కాదు. పార్వో వ్యాధి సోకిన పిల్ల తొలి మూడు నాలుగు దినములు గంతులిడుచునే యుండవచ్చును. రక్తవిరేచనములు మన యింట మొదలగును. అప్పటికి వర్తకుని ఫోను మూగవోవును. కావున టీకా పుస్తకమున సంతకము చేసిన పశువైద్యునితో మాటలాడిన పిదపనే సొమ్ము చెల్లింపుడు.