ఏ స్కేల్‌కు ఏ భావం?

జర్మన్ కవి, సంగీతజ్ఞుడు క్రిస్టియన్ షూబార్ట్ 1777 నుంచి పదేళ్లు హోహెనాస్పెర్గ్ కోటలో బందీగా ఉన్నాడు. ఆ చెరలోనే పాశ్చాత్య సంగీతంలోని ఒక్కో స్కేల్‌కు ఒక్కో మనోభావాన్ని నిర్ణయించి రాయించాడు. సి మేజర్ అంటే నిర్మలత్వం, డి మేజర్ అంటే విజయం. దయ్యాలే మాట్లాడితే ఆ మాట డి షార్ప్ మైనర్‌లో ఉంటుందట! ఆయన పోయాక, 1806లో ఆ గ్రంథం అచ్చయింది.

ఇదంతా వట్టి ఊహేనా?

కాదు. ఆనాటి కీబోర్డు వాద్యాల్లో స్వరాల మధ్య దూరాలు సమానంగా ఉండేవి కావు. అందుకే కొన్ని స్కేళ్లు తియ్యగా, కొన్ని గరుకుగా పలికేవి. మీటలు లేని అప్పటి ట్రంపెట్లకు డి మేజర్ బాగా కుదిరేది కాబట్టి వేడుకల సంగీతం అందులోనే పుట్టేది. హాండెల్ ‘హల్లెలూయా’ బృందగానం అలాంటిదే.

నేటి పియానోలో పన్నెండు స్వరాల అంతరాలూ సమానమే. శ్రుతి ప్రమాణమూ మారింది: ‘ఎ’ స్వరానికి ఇప్పుడు సెకనుకు 440 కంపనాలు, హాండెల్‌దని చెప్పే శ్రుతిదండానికి దాదాపు 422. అంటే షూబార్ట్ పట్టికను ఈనాడు అక్షరాలా నమ్మలేం.

మిగిలింది మేజర్, మైనర్ తేడా. అది మాత్రం బలమైనది. మేజర్‌లో వినిపించేది మన అంతర గాంధారం, మైనర్‌లో సాధారణ గాంధారం. కర్ణాటక గాయకులు ఎవరి శ్రుతిలో వారు పాడినా రాగభావం చెదరకపోవడానికి కారణమూ ఇదే: స్వరాల మధ్య సంబంధమే ముఖ్యం.

బీథోవెన్ అయిదవ సింఫనీ (1808) సి మైనర్‌లో మొదలై సి మేజర్‌లో ముగుస్తుంది. ఆధార షడ్జమం ఒక్కటే. శ్రోతలు దాని మొదటి, చివరి భాగాలను వెంటవెంటనే విని చూడాలి.