అయిదు పైసల బిళ్ల
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ముప్పై ఏడేళ్లు కాగితాల మధ్య గడిపిన గుమాస్తాను. ఉపన్యాసం నాకు చేతకాదు. ఒక తపాలా బిళ్ల గురించి చెప్పి కూర్చుంటాను.

మా మనవరాలు బడిలో హ్యాండ్‌బాల్ ఆడుతుంది. మొన్న మా అబ్బాయి చిన్నప్పటి స్టాంపుల పుస్తకం తిరగేస్తూ, "తాతయ్యా, మా ఆట!" అని ఎగిరి గంతేసింది. అది 1990లో పశ్చిమ జర్మనీ వేసిన బిళ్ల. దాని మీద వెల 100+50 అని రెండు అంకెలుగా ఉంది. "ఈ కూడిక ఏమిటి తాతయ్యా?" అని అడిగింది. మొదటి వంద ఫెనిగ్‌లు ఉత్తరం చేరవేసినందుకు, తరువాతి యాభై క్రీడాకారుల సహాయ నిధికి అని చెప్పాను. ఇష్టమున్నవారు అది కొంటారు, లేనివారు మామూలు బిళ్ల అంటించుకుంటారు.

ఆ పిల్లకు చెప్పని కథ ఒకటి మీకు చెబుతాను.

నేను 1971లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరాను. అప్పటికి మన ప్రాంతం కర్నూలు జిల్లా నుంచి విడివడి ఏడాదిన్నర దాటింది. జిల్లా పేరు ఒంగోలు. ప్రకాశం అన్న పేరు 1972లో వచ్చింది. నాకు తపాలు సీటు ఇచ్చారు. సర్వీసు స్టాంపుల రిజిస్టరు నా చేతిలో ఉండేది.

తూర్పు పాకిస్తాన్ నుంచి కోటిమంది దాకా కాందిశీకులు మన దేశంలోకి వచ్చిన సంవత్సరం అది. వారి సహాయానికి ప్రభుత్వం నవంబరు 15 నుంచి ఉత్తరాల మీద అయిదు పైసల అదనపు బిళ్ల తప్పనిసరి చేసింది. పోస్టు కార్డులకు, పత్రికలకు మినహాయింపు ఇచ్చారు. కొత్త బిళ్లలు అచ్చయి వచ్చేదాకా, కుటుంబ నియంత్రణ బొమ్మ ఉన్న అయిదు పైసల బిళ్ల మీదనే 'రెఫ్యూజీ రిలీఫ్' అని ముద్ర వేశారు. అవీ అందని ఊళ్లలో పోస్టుమాస్టర్లు రబ్బరు ముద్రలు కొట్టి ఇచ్చారు. కాందిశీకుల బొమ్మతో అసలు బిళ్ల డిసెంబరు 1న విడుదలయింది. ఈ పన్ను 1973 మార్చి 31 దాకా సాగింది.

మా ఆఫీసుకు సర్వీసు బిళ్లలు వేళకు రాలేదు. ఇండెంటు పెట్టి, కవర్లన్నీ కట్టకట్టి చెక్కపెట్టెలో పెట్టాను. ఆ కట్టలో చనిపోయిన ఒక బంట్రోతు భార్యకు ఫ్యామిలీ పెన్షను మంజూరైన కాగితం ఉంది. ఆమెది గిద్దలూరు వైపు పల్లె. మీటరు గేజి బండిలో వచ్చి, స్టేషను నుంచి నడిచి ఆఫీసుకు చేరింది. "నా కాగితం ఏమయింది నాయనా?" అని అడిగింది. తల ఎత్తకుండా "తపాలులో ఉందమ్మా" అన్నాను. వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. మళ్లీ అదే మాట చెప్పాను. నేను చెప్పింది అబద్ధం. ఆ కవరు నా కాలి దగ్గర పెట్టెలోనే ఉంది.

ఆమె మెట్లు దిగుతుండగా మా ముసలి డఫేదారు వచ్చి, "గుమాస్తాగారూ, బిళ్ల లేకపోతే పోయె, మనిషి ఉంది కదా" అన్నాడు. నాకు తల కొట్టేసినట్లయింది. పరుగెత్తి ఆమెను పిలిచి, లోకల్ డెలివరీ పుస్తకంలో వేలిముద్ర తీసుకుని కవరు చేతికిచ్చాను. అంతకు ముందే ఒక పోస్టు కార్డు రాసి పడేసినా ఆమెకు ఆ రెండు ప్రయాణాలు తప్పేవి. కార్డుకు అదనపు బిళ్ల అక్కరలేదని నాకు తెలుసు. అయినా తోచలేదు.

ఆలస్యం ఎందుకయిందని ఆమె అడిగింది. కాందిశీకుల కోసం అయిదు పైసల బిళ్ల అని చెప్పాను. "వాళ్లకీ ఇల్లు లేదా పాపం" అని, కొంగు ముడి విప్పి అయిదు పైసల నాణెం తీసి నా బల్ల మీద పెట్టింది. వద్దన్నా వినలేదు. నా అబద్ధానికి ఆమె ఒక్క మాట కూడా అనలేదు. ఆ నాణెం నాకు ఈనాటికీ బరువే.

మిత్రులారా, ఇవాళ డిసెంబరు 17. 1982లో ఇదే రోజున డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను దయాభిక్ష కాదు, చేసిన సేవకు రావలసిన హక్కు అని తీర్పు చెప్పింది. అందుకే ఈ పండుగ చేసుకుంటున్నాం. ఆ జర్మనీ బిళ్లను చూస్తే నాకు అదే తోచింది. చెల్లించవలసింది ఒక అంకె, దయతో ఇచ్చేది మరో అంకె. మొదటిది ఎగ్గొట్టి రెండోది ఇస్తే అది దానం కాదు. ఆమె కాగితం మొదటి అంకె. నేను దాన్ని ఆపాను. ఆమె నాణెం రెండోది. అడగకుండానే ఇచ్చింది.

ఇక నా మనవి. హ్యాండ్‌బాల్ ఒక్కొక్క జట్టుకు ఏడుగురు చొప్పున, నలభై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు మైదానంలో ఆడే ఆట. ఆసియా క్రీడల్లో మొదటిసారి 1982 ఢిల్లీలోనే ఆడించారు. 2023 ప్రీమియర్ లీగ్‌లో 'తెలుగు టాలన్స్' పేరుతో మన జట్టు కూడా దిగింది. మా మనవరాలి బడిలో గోలు స్తంభాలు లేవు. రెండు రాళ్లు పెట్టి ఆడుతున్నారు. గోలు ఎత్తు రెండు మీటర్లుండాలి. రాళ్లకు ఎత్తెక్కడిది? బంతి పైనుంచి పోయిందా, లోపలికి పోయిందా అని రోజూ తగవే. గోళ్ల లెక్క మాత్రం మన మార్కాపురం పలక మీదనే రాసుకుంటున్నారు.

రెండు గోలు స్తంభాలు, వలలు, నాలుగు బంతులు మన సంఘం తరఫున ఇద్దామని నా కోరిక. ఇది చందా మాత్రమే, సభ్యత్వ రుసుము కాదు. ఇవ్వగలిగినవారు ఇవ్వండి, ఇవ్వలేనివారిని ఎవరూ అడగవద్దు. కోశాధికారిగారు దీనికి వేరే రసీదు పుస్తకం పెట్టాలి. రెండు అంకెలూ కలవకూడదు. మొదటి రసీదు నా పేర రాయించుకుంటాను. యాభై ఏళ్లు దాటిన బాకీ అది.