పాత పెట్టెలో కొత్త యంత్రము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

రజతోత్సవ సభలలో మాటలాడువారు సాధారణముగా గ్రంథములను గూర్చి మాటలాడుదురు. నన్ను మాత్రము పుస్తకములిచ్చు బల్లమీది రేకుపెట్టెను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు ఆదేశించినారు. ఆ పెట్టె మీరెరిగినదే. దాని ముఖము పసుపుబారినది. ఫ్లాపీ దూర్చు సందు, తాళపుచెవి రంధ్రము, టర్బో అను మీట ఇంకను దానికి ఉన్నవి. చూచినవారు 1990 ప్రాంతపు కంప్యూటరనుకొందురు. కాని లోపల పనిచేయుచున్నది నేటి యంత్రము. ఇట్టి కంప్యూటరులను విదేశములలోని అభిరుచిపరులు ‘స్లీపరు’ అని పిలుతురు. సాదా కారులో బలమైన ఇంజనునమర్చి, పైకి తెలియనీయక నడుపువారి వాడుకనుండి ఆ మాట వచ్చినది.

ఈ పెట్టె ఒక కార్యాలయమువారు వాడి మానివేసి మన గ్రంథాలయమునకు ఇచ్చినది. చాల సంవత్సరములు మన పుస్తకముల జాబితా, చందాదారుల పేర్లు దీనిలోనే ఉండెడివి. ఒక వర్షకాలమున అది మూగవోయినది. పాత ఇనుమువానికి వేయుదమని కొందరు, బాగుచేయింతుమని కొందరు వాదించిరి. అప్పుడొక పెద్దాయన, “పెట్టె సంగతి తరువాత చూడవచ్చును, ముందు అందులోని జాబితా మాటేమి?” అని అడిగినారు. ఆ ప్రశ్నయే మాకు దారి చూపినది.

కావున మేము మొదట చేసిన పని స్క్రూలు విప్పుట కాదు, జాబితాను కాపాడుట. హార్డుడిస్కును మెల్లగా వెలికి తీసితిమి. దానికి 40 సూదుల పాత ఐడీఈ ముఖము గలదు. నేటి మదర్‌బోర్డులకు అట్టి ముఖము లేదు. జనగామలో రైలెక్కి సికింద్రాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయి, దానిని యూఎస్‌బీకి కలుపు అడాప్టరు తెచ్చితిని. జాబితా దక్కినది. వెంటనే రెండు ప్రతులు తీసి రెండు చోట్ల దాచితిమి. ఇంట పాత కంప్యూటరు గలవారు ఈ ఒక్క మాటను మరువకుందురు గాక: ముందు ప్రతి, తరువాతనే మరమ్మతు.

పిదప కొలతల వంతు వచ్చినది. 1984లో ఐబీఎం సంస్థ ఏటీ అను కంప్యూటరును వెలువరించినది. దాని అమరికనే అనుసరించి పెక్కు సంస్థలు పెట్టెలు చేసినవి. మన పెట్టె ఆ తెగకు చెందినది. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అను క్రొత్త కొలతను ప్రకటించినది. పూర్తి ఏటీఎక్స్ బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు ఉండును. తరువాత 2001లో వయా సంస్థవారు తెచ్చిన మినీ ఐటీఎక్స్ బోర్డు అన్ని ప్రక్కలను 170 మిల్లీమీటర్లే. మేము ఈ చిన్నదానినే ఎన్నుకొంటిమి. పాత పెట్టెలో స్థలము పుష్కలముగా మిగిలినది.

అయినను ఒక చిక్కు వచ్చినది. పాత పెట్టె వెనుకభాగమున బోర్డు కొరకు కీబోర్డు దూర్చు గుండ్రని రంధ్రమొక్కటే ఉండెను. క్రొత్త బోర్డు ముఖములకు 158.75 మిల్లీమీటర్ల పొడవు, 44.45 మిల్లీమీటర్ల ఎత్తు గల కిటికీ కావలెను. మన పొరుగున పెంబర్తి కళాకారులు ఇత్తడి రేకుపై ముందు బొమ్మ గీసికొని, ఆ తరువాతనే సుత్తి ఎత్తుదురు. మేమును అట్లే కాగితము కత్తిరించి, రేకుపై అంటించి, గీత గీసి, పిమ్మట కోసితిమి. కోయునపుడు పెట్టెలో ఒక్క విద్యుత్ భాగమును ఉండరాదు. ఇనుప రజను బోర్డుమీద పడినచో తీగలు కలిసిపోవును. అంచులను ఆకురాయితో నునుపుచేసి, తుప్పు పట్టకుండ రంగు పూసితిమి.

ఇక నా తప్పు చెప్పవలెను. బోర్డు రేకును తాకకుండ దాని క్రింద ఇత్తడి కాళ్ళు బిగింతురు. బోర్డుకు రంధ్రమున్న చోటనే కాలుండవలెను. పాత కాలొకటి మధ్యలో మిగిలియున్న సంగతి నేను చూడనైతిని. అది బోర్డు అడుగునగల టంకపు అతుకులను తాకినది. మీట నొక్కితిమి. దీపము రెప్పపాటున వెలిగి ఆరినది. ఆ బోర్డు మరల లేవలేదు. చందాదారుల ధనముతో కొన్న వస్తువది. దాని వెలను నేనే చెల్లించి వేరొకటి తెచ్చితిని. నేటికిని బోర్డు బిగించుటకు ముందు కాళ్ళను రెండుమారులు లెక్కింతును.

విద్యుత్తు విషయమున మరింత జాగ్రత్త వలయును. ఏటీ పెట్టెలలో ముందు మీటకే ఇంటి విద్యుత్తు, అనగా 230 వోల్టులు, నేరుగా వచ్చును. ఏటీఎక్స్‌లో మీట రెండు సూదులను క్షణకాలము కలుపును, అంతే. అక్కడ ప్రాణభయము లేదు. కావున పాత ఎస్‌ఎంపీఎస్‌ను, దాని మీటను, తీగలను సమూలముగా తీసివేసితిమి. ఎస్‌ఎంపీఎస్‌ను ఎవరును ఇంట విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను లోని కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండును. క్రొత్తది 150 మిల్లీమీటర్ల వెడల్పు, 86 మిల్లీమీటర్ల ఎత్తు గలది. అదృష్టవశమున పాతదాని చోటున సరిపోయినది. పాత మీట టోపీ వెనుక స్ప్రింగు గల చిన్న మీటనుంచితిమి.

వేడి మాటయు మరువరాదు. ఆనాటి ప్రాసెసర్లకు కొద్ది వాట్లే చాలెడివి. నేడు సామాన్యమైన డెస్క్‌టాప్ ప్రాసెసరుకు 65 వాట్లు అని వ్రాసియుండును. మన వేసవిలో 40 డిగ్రీలు దాటుట వింత కాదు. అందుచే పెట్టె ప్రక్కన రంధ్రము చేసి ఫ్యాను అమర్చి, దుమ్ము రాకుండ జల్లెడ వేసితిమి.

చివరకు టర్బో దీపము మిగిలినది. దానికిప్పుడు పనిలేదు. ఇంటర్ చదువుచున్న ఒక బాలిక దాని రెండు తీగలను డిస్కు దీపపు సూదులకు తగిలించినది. వెలుగలేదు. భయపడక తీగలను తారుమారు చేసినది. వెలిగినది! ఇప్పుడు మీరు పుస్తకమడిగినప్పుడు మినుకుమనునది ఆ దీపమే.

దీనివలన డబ్బు మిగిలినదా యని కొందరడిగిరి. మిగులలేదు. క్రొత్త పెట్టె కొన్నచో శ్రమ తగ్గెడిది. నా పొరపాటు ఖర్చు కూడ లెక్కించినచో నష్టమే. కాని ఆ యంత్రమును విప్పి, కొలిచి, బిగించిన నలుగురు పిల్లలకు దాని లోపలనున్నది మంత్రము కాదని తెలిసినది. రేపది చెడినచో వారు సికింద్రాబాదు వైపు చూడరు. గ్రంథాలయము నేర్పవలసినది ఇదియే గదా!

తీసివేసిన పాత బోర్డులను చెత్తలో వేయలేదు, కాల్చలేదు. వానిలో సీసము గలదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన ఈ-వ్యర్థముల నియమావళి ప్రకారము, అట్టివి నమోదైన పునర్వినియోగ సంస్థలకు చేరవలెను. వానిని అట్లే ఒక సంచిలో కట్టి వేరుగా ఉంచితిమి.

మీ ఇండ్లలోను మూలబడిన యంత్రములుండవచ్చును. పెండ్లి ఛాయాచిత్రములో, భూమి కాగితములో వానిలో ఉండవచ్చును. అమ్ముటకు ముందు ఒక ఆదివారము గ్రంథాలయమునకు తీసికొనిరండు. డిస్కులోనిదానిని కాపాడుటకు మేము యత్నింతుము. పెట్టె పనికివచ్చునో రాదో ఆ తరువాత కూడి యోచింతము.