ఇల్లు విడువలేని డ్రైవరు



విజయవాడలో లారీ నడిపే మన సోదరులు కొందరు, మంచానపడిన తల్లినో భార్యనో విడువలేక కలకత్తా, ముంబై లైన్లు మానుకొని, రాత్రికి ఇల్లు చేరగల లోకల్ ట్రిప్పుల కోసం ఆటోనగర్‌లో ఎదురుచూస్తున్నారు. సిమెంటో, ఇసుకో దొరికిన రోజున బత్తా. లేనినాడు ఖాళీ చేతులు. పైగా ఇల్లు పట్టుకొని కూర్చున్నాడన్న ఎత్తిపొడుపు. ఆ మాట మనలోనూ కొందరము అన్నాము.

హిజ్రీ 2వ సంవత్సరంలో బద్ర్‌కు హజ్రత్ ఉస్మాన్ (రజి) వెళ్ళలేదు. ఆయన సతీమణి, దైవప్రవక్త (స) కుమార్తె రుఖయ్యా (రజి) వ్యాధిగ్రస్తురాలై ఉన్నారు. ప్రవక్త (స) ఆయనను మదీనాలోనే ఉంచి, బద్ర్‌లో పాల్గొన్నవానికి లభించే పుణ్యము ఉన్నదని తెలిపి, విజయధనంలో వాటా కూడా ఇచ్చారు. ఆ వాటాను గమనించండి.

మన వరుసలలో లారీ యజమానులున్నారు, బుకింగ్ ఆఫీసులవారున్నారు. దగ్గరి లోడు వచ్చినప్పుడు మొదట ఆ సోదరునికే కబురు చేయండి. అతని అవసరము చూసి బత్తా తగ్గించకండి.